మధ్య ఊరు వద్దమ్మా, నీ డ్యూటీ ఆసుపత్రికి దగ్గర చూడు

ప్రశ్న: నమస్తే మేడం. నాకు 23 ఏళ్లు, పెళ్లయి ఏడు నెలలైంది. ఉలవపాడులో అత్తమ్మావాళ్లతో కలిసి ఉంటున్నాం. మా ఆయన కావలిలో ఒక ట్రాక్టర్ షోరూంలో అకౌంట్స్ చూస్తారు. ఉదయం తొమ్మిదిన్నరకి వెళ్తే సాయంత్రం ఏడవుతుంది, జీతం 22 వేలు. నాకు నెల్లూరులో బీఎస్సీ నర్సింగ్ సీటు వచ్చింది, వచ్చే నెల నుంచి క్లాసులు. కాలేజీ ఊరి బయట ఉంది, డ్యూటీలు మాత్రం ఊళ్లోని ఒక ఆసుపత్రిలో వేస్తారట. ఎక్కడ కాపురం పెట్టాలన్నదే ఇప్పుడు సమస్య. కావలిలో అద్దె 4,500, నెల్లూరులో 7,000 చెబుతున్నారు. మా ఆయన "బిట్రగుంటలో ఉందాం, ఇద్దరికీ మధ్యలో ఉంటుంది, ఇద్దరం సమానంగా తిరుగుదాం" అంటారు. మా బావగారు కోవూరులో తక్కువకి దొరుకుతుందన్నారు. అత్తమ్మేమో "ఆడవాళ్లకి బస్సు ఫ్రీ కదమ్మా, ఇక్కడి నుంచే పోయిరా, అద్దె దండగ" అంటుంది. గొడవలేం లేవు గానీ రోజూ రాత్రి అన్నాల దగ్గర ఇదే మాట. మీరేమంటారు?

సమాధానం:

అమ్మా, ముందు సీటు వచ్చినందుకు చాలా సంతోషం. చదువు ఆగిపోయి, పెళ్లయ్యాక మళ్లీ పుస్తకం పట్టుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు, నేనూ ఆ దారిలో నడిచినదాన్నే. అందుకే నానబెట్టకుండా ముందే చెప్పేస్తా. నెల్లూరులోనే ఇల్లు తీసుకోండి. రోజూ తిరిగే పని మీ ఆయన పెట్టుకోవాలి, నువ్వు కాదు. మీ ఇంట్లో నలుగురూ నాలుగు మాటలు అంటున్నారు కాబట్టి ఎందుకో వివరంగా రాస్తాను. ఇది మీ ఆయన చేత కూడా చదివించు.

మీ ఆయన "సమానంగా తిరుగుదాం" అన్నాడంటే మంచి మనసుతోనే అన్నాడు, భారం నీ ఒక్కదాని మీద వేయకూడదనే అనుకున్నాడు. కానీ కిలోమీటర్లు చెరి సగం పంచుకున్నంత మాత్రాన అలసట చెరి సగం అవదు. అసలు బిట్రగుంట మధ్యలో కూడా లేదు, అది కావలికే బాగా దగ్గర, నెల్లూరు నుంచి ముప్పై కిలోమీటర్లు దాటుతుంది. అంటే ఆయన ఇరవై నిమిషాల్లో షోరూంలో ఉంటాడు, నువ్వు రెండు బళ్లు మారి, మళ్లీ కాలేజీ బస్సు పట్టుకోవాలి. పోనీ నిజంగానే మధ్యలో ఉన్న ఊరు చూసుకున్నా నా జవాబు మారదు. ఆయన పని ఎలాంటిది, నీ పని ఎలాంటిది, అది చూడాలి ముందు.

ఆయన ఒకరోజు బండి లేటై పది గంటలకి వెళ్లాడనుకో. ఓనర్ ఒక మాట అంటాడు, ఆ సాయంత్రం అరగంట ఎక్కువ కూర్చుంటాడు, అయిపోయింది. మరీ ఒంట్లో బాగాలేకపోతే సెలవు పెడతాడు. నీకు అలా కుదరదు. ఇప్పుడున్న బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, ఎనిమిది సెమిస్టర్లు. సెమిస్టర్‌కి 20 వారాలు, వారానికి 40 గంటలు. థియరీలో 80 శాతం, ప్రాక్టికల్‌లో 80 శాతం హాజరు లేకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు. అంతేకాదు, వార్డు డ్యూటీల విషయంలో ఆ 80 కూడా చాలదు, డిగ్రీ చేతికి రావాలంటే ప్రతి విభాగంలో డ్యూటీలు నూటికి నూరు శాతం పూర్తయి ఉండాలి. ఇది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నియమం, నీ కాలేజీ పెట్టింది కాదు, ప్రిన్సిపాల్‌ని బతిమాలితే పోయేది కాదు. మానేసిన ప్రతి డ్యూటీనీ తర్వాత ఎప్పుడో, అందరూ సెలవులకి ఇళ్లకి వెళ్లినప్పుడు నువ్వొక్కదానివి వెళ్లి చేయాలి. రైలు ఆగిపోయింది, బస్సు దొరకలేదు, జ్వరం వచ్చింది, ఏ కారణమైనా లెక్క ఒకటే.

హాజరు సంగతి అలా ఉంచు. లేటుగా వెళ్లడం గురించి చెప్తా, ఇది ఎవరూ చెప్పరు.

నేను జీఎన్ఎం, అంటే నర్సింగ్ డిప్లొమా చేసి, కొన్నేళ్లు స్టాఫ్ నర్సుగా పనిచేసి, పెళ్లయ్యాక పోస్ట్ బేసిక్ బీఎస్సీ, అంటే ఆ డిప్లొమా ఉన్న నర్సులు చేసే డిగ్రీ, రెండేళ్లు నెల్లూరులోనే చదివాను. మా ఆయనకి గూడూరులో స్కూలు ఉద్యోగం. మేమూ అచ్చం మీలాగే ఆలోచించి మనుబోలులో ఇల్లు తీసుకున్నాం, ఇటు నెల్లూరు, అటు గూడూరు, మధ్యలో ఇల్లు, ఎంత చక్కగా కుదిరిందో అని మా నాన్న మెచ్చుకున్నాడు కూడా. పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కేదాన్ని. టిఫిన్ బాక్సుతో పాటు తెల్ల బూట్లు ఒక కవర్లో చుట్టి బ్యాగులో పెట్టుకునేదాన్ని, ప్లాట్‌ఫారం బురదలో పాడవకుండా. ఎక్స్‌ప్రెస్‌కి దారి ఇవ్వాలని మా ప్యాసింజర్‌ని పక్క లైన్లో ఆపేసేవాళ్లు. ఒక్కోసారి పది నిమిషాలు, ఒక్కోసారి అరగంట. కిటికీలోంచి చూస్తే ఏమీ కదలదు, చేతి గడియారం మాత్రం కదులుతూ ఉంటుంది.

అలా ఒకరోజు ఇరవై నిమిషాలు లేటుగా వార్డులో అడుగు పెట్టాను. అప్పటికి నైట్ డ్యూటీ సిస్టర్ హ్యాండోవర్ ఇచ్చేసి వెళ్లిపోయింది. హ్యాండోవర్ అంటే ఏంటో నీకు మొదటి పోస్టింగ్‌లోనే తెలుస్తుంది, ప్రతి మంచం దగ్గరా ఆగి ఈ మనిషికి రాత్రి ఏం జరిగింది, ఇవాళ ఏం చేయాలి, ఏం చేయకూడదు అని ఒకరి నోటి నుంచి ఒకరి చెవికి అందే మాట. అది నేను వినలేదు. కిటికీ పక్క మంచం మీద ఒక పెద్దాయన "అమ్మా, నోరెండిపోతోంది, గుక్కెడు నీళ్లియ్యమ్మా" అన్నాడు. పాపం అనిపించి గ్లాసులో నీళ్లు వంచి ఆయన చేతికి అందించబోయాను. వెనక నుంచి వార్డు సిస్టర్ పరుగున వచ్చి గ్లాసు పట్టేసుకుంది. ఆయనకి ఆ పొద్దున ఆపరేషన్. ఎన్‌బీఎం, అంటే నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదు. కడుపులో నీళ్లున్న మనిషికి మత్తు ఇస్తే ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, ప్రాణం మీదికి వస్తుంది. ఆమె నన్ను తిట్టలేదు. గ్లాసు పక్కన పెట్టి, "ఎక్కడి నుంచి వస్తున్నావు నువ్వు?" అని మాత్రం అడిగింది. మనుబోలు నుంచి అన్నాను. "ఇల్లు మార్చుకో" అంది. ఇవాళ నీకు నేను చెప్పేది ఆమె మాటే.

అప్పటికైనా మేం వెంటనే మార్చలేదు, అడ్వాన్స్ ఇచ్చాం కదా, ఏడాది పూర్తవనీ అనుకున్నాం. ఆ ఏడాదిలోనే ఒకసారి సాయంత్రం డ్యూటీ దిగి రైల్లో కూర్చుని నిద్రపోయి, కళ్లు తెరిచేసరికి గూడూరు. సెల్‌ఫోన్లు అందరి చేతుల్లోకి రాని రోజులవి. స్టేషన్ బయట ఎస్టీడీ బూత్ నుంచి మనుబోలులో పక్కింటి వాళ్లకి ఫోన్ చేస్తే, వాళ్లు మా ఆయన్ని పిలిస్తే, ఆయన ఎవరిదో బండి అడిగి తీసుకుని రాత్రి పదిన్నరకి వచ్చాడు. పొద్దంతా గూడూరులో పాఠాలు చెప్పి ఇంటికొచ్చిన మనిషి మళ్లీ గూడూరు వచ్చాడు. ఇంటికెళ్లేదాకా ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. కోపంతో కాదు, మాట్లాడే ఓపిక లేక. ఇద్దరం అలిసిపోయే ఏర్పాటు అంటే అదే. ఒకరు అలిసిపోయి ఇంకొకరికి ఓపిక మిగిలి ఉంటే ఇల్లు నడుస్తుంది, ఆ మిగిలినవాళ్లు అన్నం వండుతారు, కాళ్లకి నూనె రాస్తారు, కనీసం "ఏమైంది ఇవాళ" అని అడుగుతారు.

ఇక అత్తమ్మ మాట. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ లేదు, నిజమే, ఎందరో ఆడపిల్లల చదువుకి అది పెద్ద ఊతం, నీకూ పనికొస్తుంది. ఆధార్ కార్డు బ్యాగులో పెట్టుకో, జీరో టికెట్ అడిగి తీసుకో. సూపర్ లగ్జరీ, అల్ట్రా డీలక్స్ లాంటి వాటికి అది వర్తించదని కూడా గుర్తుంచుకో, తొందర పనున్న రోజు ఎదురుగా వచ్చిన బస్సల్లా నీది కాదు. అత్తమ్మకి మాత్రం మర్యాదగా ఒక లెక్క చెప్పు. ఉలవపాడు నుంచి నెల్లూరు డెబ్బై కిలోమీటర్ల పైమాటే. ఇంటి నుంచి ఆసుపత్రి గుమ్మం దాకా బస్సు కోసం నిలబడిన టైంతో కలిపి పోను రెండు గంటలు, రాను రెండు గంటలు, తక్కువ వేసుకున్నా. ఉదయం డ్యూటీ ఏడున్నరకో ఎనిమిదికో మొదలైతే నువ్వు నాలుగింటికి లేవాలి. సాయంత్రం ఇంటికొచ్చి కేర్ ప్లాన్లు, అంటే ఒక్కో రోగిని ఎలా చూసుకోవాలో వివరంగా, రాయాలి, కేస్ ప్రెజెంటేషన్ తయారుచేసుకోవాలి, లాగ్ బుక్ నింపుకోవాలి, అనాటమీ చదవాలి. రోజుకి నాలుగు గంటలు బస్సులో పోతే అవన్నీ ఏ టైంలో? "టికెట్ ఫ్రీ అత్తమ్మా, నా నిద్ర ఫ్రీ కాదు" అని నవ్వుతూనే చెప్పు. ఆమె చెడ్డ మనసుతో అనలేదు, కొడుకు సంసారం అద్దెల్లో కరిగిపోకూడదని ఆమె బాధ. ఆ బాధకి జవాబు కింద డబ్బు లెక్కలో రాస్తున్నా.

కోవూరు గురించి. చూడ్డానికి ఇది అన్నిటికంటే తెలివైన ఎంపికలా ఉంటుంది, నెల్లూరుకి ఆనుకునే ఉంది, అద్దె తక్కువ. కానీ మధ్యలో పెన్న ఉందమ్మా. మామూలు రోజుల్లో పెన్న ఇసుక, పిల్లలు క్రికెట్ ఆడుకుంటారు. మనకి వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి, తుఫాను పట్టిందంటే నాలుగైదు రోజులు వదలదు. 2021 నవంబర్ గుర్తుందా? పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి, కోవూరు వైపు జాతీయ రహదారి తెగి విజయవాడ, చెన్నై మధ్య రాకపోకలు ఆగిపోయాయి. అలాంటి వరద ప్రతి ఏటా రాదు. కానీ నువ్వు చదవబోయేది నాలుగు వానాకాలాలు. అందుకని ఈ ప్రశ్న వేసుకోండి, పెన్న పొంగిన రోజున మీ ఇద్దరిలో ఎవరు ఏటికి అవతల చిక్కుకున్నా పర్వాలేదు? ఆయన చిక్కుకుంటే షోరూంకి ఫోన్ చేసి చెప్తాడు, అలాంటి రోజు ట్రాక్టర్ కొనడానికి వచ్చేవాళ్లూ ఉండరు. వార్డులో మాత్రం వరద రోజే మంచాలు నిండుతాయి. నువ్వు ఆసుపత్రి ఉన్న ఒడ్డునే ఉండాలి.

ఇదే మాట ఊళ్లో ఇల్లు చూసేటప్పుడూ వర్తిస్తుంది. నెల్లూరుని రైలు పట్టాలు రెండుగా చీలుస్తాయి, ఒక పక్క నుంచి ఇంకో పక్కకి చాలాచోట్ల అండర్‌బ్రిడ్జిల కింద నుంచి పోవాలి. గట్టి వాన పడితే మాగుంట లేఅవుట్ అండర్‌బ్రిడ్జిలో నీళ్లు నిలిచిపోవడం ఊళ్లో అందరికీ తెలిసిందే. కాబట్టి అద్దె వెయ్యి తక్కువ అనో, గాలి బాగా వస్తుందనో పట్టాలకి అవతలి పక్క తీసుకోకు, ఆసుపత్రి ఏ పక్క ఉందో ఆ పక్కే చూడు. కాలేజీకి దగ్గర అని ఊరి బయట కూడా చూడొద్దు, చాలామంది పిల్లలు చేసే తప్పు ఇది. కాలేజీకి కాలేజీ బస్సు ఉంటుంది, పగటిపూట పోయి పగటిపూట వచ్చేస్తావు. రెండో ఏడు, మూడో ఏడు వచ్చేసరికి నీ టైం ఎక్కువగా వార్డుల్లోనే గడుస్తుంది, సాయంత్రం డ్యూటీ దిగేసరికి చీకటి పడుతుంది. చివరి సెమిస్టర్ అయితే పూర్తిగా ఇంటర్న్‌షిప్, 22 వారాలు, వారానికి 48 గంటలు. కొలత కాలేజీ గేటు నుంచి కాదు, ఆసుపత్రి గేటు నుంచి వేసుకో. నడిచి పదిహేను నిమిషాలు, అది మించకుండా చూడు. ముందు కాలేజీకి ఫోన్ చేసి ఏ ఏ సెమిస్టర్‌లో ఏ ఆసుపత్రికి పంపుతారో అడుగు. పిల్లల వార్డుకి ఒకచోటికి, కాన్పుల వార్డుకి ఇంకో చోటికి పంపే కాలేజీలు ఉన్నాయి, మానసిక వైద్యం పోస్టింగ్‌కి వేరే ఊరికే పంపి కొన్ని వారాలు అక్కడే ఉంచేవీ ఉన్నాయి. సీనియర్ అమ్మాయిలని అడిగితే ఇంకా బాగా చెప్తారు.

మీ ఆయన ప్రయాణం సంగతి ఇప్పుడు. నెల్లూరు, కావలి మధ్య యాభై కిలోమీటర్ల చిల్లర. తక్కువేమీ కాదు, ఆయన్ని తేలిగ్గా చూసి చెప్పడం లేదు. కానీ ఆయన టైం రోజూ ఒకటే, వెళ్లే దారి ఒకటే, ఆదివారం సెలవు, నైట్ డ్యూటీ అనేది లేదు. అలాంటి ప్రయాణం అలవాటవుతుంది. రోజుకో టైంలో మారిపోయే ప్రయాణం అలవాటవదు. రైలుకి నెలవారీ సీజన్ టికెట్ తీసుకోమను, ఆ దూరానికి కొన్ని వందల్లోనే పడుతుంది, మూడు నెలలకి తీసుకుంటే ఇంకాస్త కలిసొస్తుంది. సూపర్‌ఫాస్ట్ బండ్లు ఎక్కాలంటే దానికి అదనంగా కొంత కట్టాలి, జనరల్ పెట్టెలోనే ఎక్కాలి, రిజర్వేషన్ పెట్టెలో కూర్చుంటే టీసీ దింపేస్తాడు. ఉదయం తొమ్మిదింటి లోపు కావలిలో ఆగే బండ్లు ఏవి, రాత్రి ఏడు తర్వాత నెల్లూరు వైపు వచ్చేవి ఏవి, రెండు వైపులా ఒక కాగితం మీద రాసుకోమను. బండి తప్పితే హైవే మీద బస్సు ఉండనే ఉంది.

బైకు మీద మాత్రం వద్దు. పట్టుదలకి పోయి "గంటలో వెళ్లిపోతా" అంటాడు, మగవాళ్లు అంటారు. పదహారో నంబర్ జాతీయ రహదారి మీద రాత్రి ఎనిమిదింటికి కంటైనర్ లారీల పక్కన బైకు తోలడం ఎలా ఉంటుందో, ఆ తర్వాత క్యాజువాలిటీకి వచ్చేవాళ్లు ఎలా ఉంటారో ఇన్నేళ్ల డ్యూటీలో నేను చూసిందంతా ఇక్కడ రాయలేను. ఒక్క రోజు కూడా వద్దు. డబ్బు లెక్క వేసినా అది నష్టమే. రోజుకి నూట అయిదు కిలోమీటర్లు, లీటరుకి యాభై వచ్చినా రెండు లీటర్ల పైన, నెలకి 26 రోజులంటే 55 లీటర్లు దాకా, లీటరు 110 వేసుకుంటే ఆరు వేలు. సీజన్ టికెట్‌తో అందులో పదో వంతు కూడా అవదేమో చూసుకోండి.

అత్తమ్మకి చెప్పాల్సిన లెక్క కూడా ఇదే. నెల్లూరు అద్దెకి, కావలి అద్దెకి తేడా నెలకి 2,500. ఏడాదికి 30 వేలు. తక్కువని అనను, 22 వేల జీతంలో అది కనిపించే డబ్బే. కానీ డ్యూటీలు తగ్గి ఒక ఆరు నెలలు వెనకబడితే? ఒక సెమిస్టర్ ఫీజు, హాస్టల్ కాకపోయినా తిండి ఖర్చు, ఆ ఆరు నెలలు రావాల్సిన జీతం రాకపోవడం, అన్నీ కలిపితే దాని ముందు ఆ 30 వేలు చాలా చిన్నది. అలాగని అద్దె ఒక్కటే చూసుకుని దిగొద్దు, అడ్వాన్స్ ఎన్ని నెలలు, కరెంటు మీటరు విడిగా ఉందా, నీళ్లకి వేరే కట్టాలా, ఇవన్నీ కలుపుకుని నెలకి ఎంతో రాసుకోండి. మీ ఆయన పనిచేసే చోటికి నెల్లూరులో బ్రాంచి ఉంటే ఇప్పుడే ఓ మాట వేసి ఉంచమను. లేకపోయినా అకౌంట్స్ తెలిసిన మనిషికి నెల్లూరులో ఆరునెలలు ఏడాదిలో పని దొరక్కపోదు, వెతుకుతూ ఉండమను. నాలుగేళ్లూ తిరగాలని రాసి పెట్టి లేదు.

ఇప్పుడు అసలు భయం చెప్తా. నేను చెప్పినట్టు నెల్లూరులో ఇల్లు తీసుకున్నారు, నీకు అన్నీ దగ్గర, ఆయన రాత్రి ఎనిమిదిన్నరకి అలిసిపోయి వస్తాడు. అప్పుడేమవుతుందో తెలుసా, "నువ్వు మూడింటికే ఇంటికొచ్చావు కదా" అనే మాట పుడుతుంది. ఆయన అనకపోయినా నీ మనసులోనే పుడుతుంది, పాపం ఆయన అంత దూరం పోయొస్తున్నాడు, నేను ఇక్కడే ఉన్నాను కదా అని. అలా వంట నీదే, బట్టలు నీవే, గిన్నెలు నీవే, మార్కెట్ నీదే అవుతుంది. దగ్గర ఇల్లు తీసుకుని మిగిల్చుకున్న మూడు గంటలూ వంటింట్లో పోతాయి. నా చేతి కింద చదివిన పిల్లల్లో మంచి మార్కుల పిల్ల ఒకతి ఇలాగే వెనకబడింది. ఆసుపత్రికి పది నిమిషాల దూరంలో ఇల్లు, అయినా కేర్ ప్లాన్లు వార్డులో మందుల ట్రాలీ మీద పెట్టుకుని రాసేది. అడిగితే "ఇంటికెళ్తే పుస్తకం తీయడం కుదరదు సిస్టర్" అంది.

అందుకని ఇల్లు మారకముందే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. పొద్దున ఆయన బయల్దేరేలోపు కూర ఒకటి ఆయన చేయగలడు, రాదంటే నేర్చుకోవచ్చు, నాలుగు రోజులు ఉప్పు ఎక్కువైతే తినండి. ఆదివారం బట్టలు ఆయనవి. సాయంత్రం ఒక టైం నీ చదువుకని పెట్టుకో, ఆ టైంలో ఫోన్లు కూడా వద్దు, అత్తమ్మ ఫోన్ అయినా సరే తర్వాత చేస్తానని చెప్పు, ముందే చెప్పి ఉంచితే ఆమె బాధపడదు. ఇంకొకటి, పెళ్లయిన కొత్త కాబట్టి విశేషం ఎప్పుడని చుట్టాలు అడగడం మొదలుపెడతారు. ఎప్పుడనేది మీ ఇద్దరి ఇష్టం, కానీ చదువు మధ్యలో అయితే ఆ డ్యూటీలన్నీ తర్వాత పూర్తి చేయాల్సిందే కాబట్టి ఇద్దరూ ఒక మాట అనుకుని ఉండండి, ఆ మాట పెద్దవాళ్లకి ఆయనే చెప్పాలి.

హాస్టల్ ఆలోచన నువ్వు రాయలేదు. మొదటి ఏడాది హాస్టల్లోనే ఉండాలనే కాలేజీలు కొన్ని ఉన్నాయి, అది ముందు కనుక్కో, అడ్వాన్స్ ఇచ్చాక తెలిస్తే ఆ డబ్బు పోతుంది. ఒకవేళ తప్పనిసరి అయితే బాధపడకు, ఆ ఏడాది ఆయన ఉలవపాడు నుంచే కావలి వెళ్తాడు, అద్దె మిగులుతుంది, శనివారం సాయంత్రం నువ్వు రైలెక్కితే ఇంటికి చేరతావు. తప్పనిసరి కాకపోతే మాత్రం కొత్తగా పెళ్లయినవాళ్లు కలిసి ఉండటమే నాకు ఇష్టం.

ఉలవపాడుతో తెగిపోతామని అత్తమ్మకి దిగులుంటే, అదే రైలు మార్గంలో ఉన్న ఊరే కదా, నెలకి రెండు ఆదివారాలు మేమే వస్తామని చెప్పండి, మాట నిలబెట్టుకోండి. మామిడికాయల రోజుల్లో ఆమెనే వచ్చి నాలుగు రోజులు ఉండమనండి. కోడలు తెల్ల యూనిఫాం ఇస్త్రీ చేసుకుని, జుట్టు ముడి వేసుకుని, తెల్లారకుండా డ్యూటీకి పోవడం ఒకసారి కళ్లారా చూస్తే "పోయిరా ఇక్కడి నుంచే" అన్న ఆ నోటితోనే "టిఫిన్ తిని పో" అంటుంది, మా అత్తమ్మ అలాగే మారింది.

ఇంకో మూడు వారాలు ఉన్నాయి కాబట్టి ఈ ఆదివారమే ఇద్దరూ నెల్లూరు వెళ్లండి. ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి అక్కడి నుంచి నడుచుకుంటూ టూలెట్ బోర్డులు చూడండి, బ్రోకర్ని తర్వాత చూసుకోవచ్చు. నచ్చిన ఇల్లు దొరికితే అదే రోజు రాత్రి ఎనిమిదింటికి మళ్లీ ఆ వీధిలో నడిచి చూడు, దీపాలు వెలుగుతున్నాయా, కుక్కలు ఎలా ఉన్నాయి, కొట్లు తెరిచి ఉన్నాయా అని. కింద ఓనర్, పైన మీరు అయితే, వాళ్లు రాత్రి ఎన్నింటికి గేటుకి తాళం వేస్తారో అడుగు. సాయంత్రం డ్యూటీ, నైట్ డ్యూటీ ఉంటాయని ముందే చెప్పి, గేటు తాళంచెవి ఒకటి నీ చేతికి ఇస్తామంటేనే అడ్వాన్స్ ఇవ్వు.